పదకొండు రోజుల యుద్ధం, పదమూడు వారాల కథ

2013 ఫిబ్రవరి మొదటి శనివారం నాడు నాకు ఒక కొత్త డ్యూటీ పడింది. అప్పటికి నేను సౌదీలోని రాబిగ్‌లో ఒక చిన్న సముద్ర సర్వే కంపెనీలో సీనియర్ సోనార్ ఆపరేటర్‌ని. వయసు అరవై రెండు. మా ముదీర్, అంటే మేనేజరు, బోటు దగ్గరికి స్వయంగా వచ్చాడు. వెంట తెచ్చిన మనిషిని చూపించి, ఈయన పేరు సాలిం, ఇవాళ్టి నుంచి మన ఉద్యోగి, మూడు నెలల పాటు ఈయన పని మానేసి వెళ్ళిపోకుండా చూసుకునే బాధ్యత మీది అన్నాడు. ఏం పని నేర్పమంటారని అడిగాను. అది మీ ఇష్టం, ఆయన ఉండటం ముఖ్యం అన్నాడు. పదిహేనేళ్ళు నేవీలోనూ, ఆ తర్వాత ముప్పయ్యేళ్ళ దాకా బయటా పనిచేశాను గానీ, ఇంత విచిత్రమైన ఆర్డరు ఎప్పుడూ అందుకోలేదు.

దానికి కారణం నితాఖత్. ప్రతి కంపెనీలోనూ కొంతమంది సౌదీలను ఉద్యోగంలో పెట్టుకోవాలన్న నియమం అది. లెక్క సరిపోతే కంపెనీకి పచ్చ రంగు, సరిపోకపోతే ఎరుపు. ఎర్ర కంపెనీలో పనిచేసే విదేశీయుడి ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, గడువు తీరితే మళ్ళీ కొత్తది ఇవ్వరు. పది మందికి లోపున్న కంపెనీలో కూడా కనీసం ఒక్క సౌదీ ఉండి తీరాలన్నారు. మా కంపెనీలో ఉన్నది తొమ్మిది మందిమి. అందులో సౌదీ అనేవాడు కాగితం మీదే ఉండేవాడు. ఆయన ఓనరు గారి మేనల్లుడు, బోటు ఏ రంగులో ఉంటుందో కూడా తెలియని మనిషి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పేరు కొట్టేశారు. కంపెనీ ఎర్రబడింది.

తర్వాత ఇద్దరిని నిజంగానే పెట్టుకున్నారు. ఒకాయన తొమ్మిది రోజులు, ఇంకొకాయన పదిహేను రోజులు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, చేసే పనేమీ లేక విసుగెత్తి వెళ్ళిపోయారు. ఉద్యోగి నికరంగా మూడు నెలలు నిలబడితేనే రంగు మారుతుందని లేబర్ ఆఫీసు గుమాస్తా మా ముదీర్‌కి చెప్పాడట. సాలిం మూడోవాడు. ఇతనూ పోతే ఇంకొకరిని వెతికి, మళ్ళీ మొదటి నుంచి మూడు నెలలు లెక్కపెట్టే వ్యవధి లేదు.

ఎందుకు లేదంటే మల్లేశ్ ఇకామా రజబ్ నెల మొదటి వారంలో తీరిపోతుంది. అంటే మే మధ్యలో. మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. మా బోటు మీద తాళ్ళూ కేబుళ్ళూ చూసేవాడు, వంట కూడా అతనిదే. ఎనిమిదేళ్ళుగా రాబిగ్‌లో ఉన్నాడు. అతని వెనకే మరో ఐదుగురి గడువులు వరసలో ఉన్నాయి. పచ్చ రంగు కంపెనీకి మారిపోవచ్చని రూలు ఉంది, నిజమే. కానీ బోటు పని తప్ప ఇంకేమీ రానివాణ్ణి తీసుకునే కంపెనీలు ఆ ఊళ్ళో ఎన్ని ఉంటాయి? కాబట్టి ఆరుగురి ఉద్యోగాలూ సాలిం అనే ఒక్క మనిషి రేపు వస్తాడా రాడా అన్నదాని మీద ఆధారపడ్డాయి.

ముదీర్ వెళ్ళిపోగానే మల్లేశ్ నా పక్కకి చేరి, కళ్ళతో సాలింని చూపించాడు.

“సారూ, గీయన సుత పోతే మనమంత మూటముల్లె సర్దుకునుడే. ఎట్లన్న జేసి మీరే పట్టుకోవాలె.”

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. సోనార్ అంటే నీళ్ళలోకి శబ్దం పంపి, దేనికో తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకునే యంత్రం. సర్వే బోటు వెనక కేబులుతో ఒక పొడుగాటి పరికరాన్ని లాగుతూ, దుక్కి దున్నినట్టు చాలు పక్కన చాలు వేసుకుంటూ తిరుగుతాం. సముద్రం అడుగు బొమ్మ తెర మీద పడుతూ ఉంటుంది. రిఫైనరీకి వచ్చే ట్యాంకర్ల దారిలో తెగిపోయిన లంగరో, మునిగిన పడవో, రాయో ఉంటే కనిపెట్టి రాయాలి. ఈ విద్య నేను నేర్చుకున్నది మాత్రం తెర మీద కాదు, చెవులతో. నేర్చుకున్న చోటు ఒక డిస్ట్రాయరు, అంటే యుద్ధనౌక. నేర్పింది యుద్ధం.

సాలిం గురించి మొదటి రోజే నేనొక నిర్ణయానికి వచ్చేశాను. వయసు ముప్పై ఎనిమిది. అంతకు ముందు పదేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. మొదటి రోజు ఏడింటికి రావలసినవాడు తొమ్మిదిన్నరకు వచ్చాడు, చేతిలో టీ ఫ్లాస్కుతో. బోటు మీద నీడ ఎక్కడుందో చూసుకుని కూర్చున్నాడు. అడిగితే మాట్లాడాడు, అడగకపోతే లేదు. సరే, ఇతనూ పదిహేను రోజుల మనిషే అనుకున్నాను. సోనార్ ముందు కూర్చోబెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఖరీదైన యంత్రం, దాన్ని ఎవరు పడితే వారు ముట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

కథ యాదృచ్ఛికంగా మొదలైంది. మూడో రోజు టీ వేళ, నా ముంజేతి మీది లంగరు పచ్చబొట్టు చూసి, ఇదేమిటని సాలిం అడిగాడు. మా ఇద్దరి భాష సగం అరబిక్, సగం ఉర్దూ. పాకిస్తానీ డ్రైవర్లతో పనిచేసినవాడు కనుక ఉర్దూ నాకన్నా అతనికే బాగా వచ్చు. ఇరవై ఏళ్ళప్పుడు డిస్ట్రాయరు మీద ఉండగా పొడిపించుకున్నానని చెప్పాను. యుద్ధం చూశావా అన్నాడు. చూశాను, డెబ్బై ఒకటిలో అన్నాను. అంతవరకూ వెనక్కి ఆనుకుని కూర్చున్న మనిషి ముందుకు జరిగాడు.

చాప మీద మూడు ఖర్జూరాలు పెట్టాను. ఇవి మేం కాపలా కాసిన ఓడలు, రెండు సరుకువి, ఒకటి చమురు ట్యాంకరు, ఇలా గుంపుగా వెళ్ళడాన్ని కాన్వాయ్ అంటారు అని చెప్పాను. ముందు ఒక టీ గ్లాసు పెట్టి ఇది మా డిస్ట్రాయరు అన్నాను. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఇది మాకు తోడొచ్చిన చిన్న యుద్ధనౌక, ఫ్రిగేటు అన్నాను. మరి జలాంతర్గామి ఎక్కడుంది అని అడిగాడు సాలిం. అది తెలియకపోవడమే ఉద్యోగం అన్నాను. అతను ఆలోచనలో పడి, చెయ్యి చాచి, తెలియకుండానే ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నాడు.

“అయిపాయె సారూ, ట్యాంకరు మునిగింది!” అన్నాడు మల్లేశ్.

ఆ మాట ఉర్దూలోకి మార్చి చెప్పేసరికి సాలిం పొలమారేలా నవ్వాడు. మూడు రోజుల్లో అతని నవ్వు అదే మొదటిసారి వినడం. మర్నాడు ఏడింటికే వచ్చాడు. ఖర్జూరాల పెట్టె తెచ్చాడు, మునిగితే మార్చుకోవడానికి ఉంటాయని. ఆ రోజు నుంచి నన్ను కప్తాన్ అని పిలవసాగాడు.

మా డిస్ట్రాయరు పేరు రాయను. బ్రిటిష్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధంలో వాడి, ఆ తర్వాత మనకిచ్చినది. అంటే మాకు రాకముందే ఇలాంటి కాపలా పనే చేసి వచ్చిన ఓడ. వయసు మీద పడ్డా నడక తగ్గలేదు. వంకర తిరిగితే మాత్రం ఒళ్ళంతా మూలిగేది. నేను అందులో జలాంతర్గాముల వేట శాఖలో మామూలు సీమన్‌ని, అందరికన్నా కింది మెట్టు. మా పైన పెట్టీ ఆఫీసర్ కురియన్. సోనార్ గది వంతెన కింద, అంటే కెప్టెన్ నిలబడి ఓడ నడిపే చోటు కింద, బీరువా అంత ఉండేది. ముగ్గురం వంతులేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళం. ఒక్కొక్కరికి అరగంటే. అంతకు మించి వింటే చెవి అలిసిపోయి, లేనివి వినిపిస్తాయి.

ప్రతి అరగంటకూ స్లేటు మీద వినిపించింది రాయాలి. ఏమీ వినిపించకపోతే ‘నిల్’ అని రాయాలి. కురియన్ మాకు నేర్పిన మొదటి పాఠం ఒకటే. చెవి నీది, పేరు పెట్టే పని ఆఫీసరుది. అంటే ప్రతిధ్వని వస్తే అది ఏ దిక్కున, ఎంత దూరంలో, శ్రుతి హెచ్చిందా తగ్గిందా అన్నది మాత్రమే చెప్పాలి. అది జలాంతర్గామా, తిమింగలమా, చేపల గుంపా అన్నది పై అధికారి తేలుస్తాడు. శ్రుతి సంగతి సాలింకి చెప్పడం చాలా తేలికైంది. జెద్దా రోడ్డు మీద ట్రెయిలరు హారన్ కొట్టుకుంటూ ఎదురొస్తే శబ్దం సన్నగా ఉంటుంది, దాటిపోయాక బొంగురుపోతుంది. నీళ్ళలోనూ అంతే. వస్తువు మనవైపు వస్తుంటే ప్రతిధ్వని హెచ్చు శ్రుతిలో వస్తుంది, పోతుంటే తగ్గుతుంది, కదలకపోతే మారదు. పదేళ్ళు ఆ రోడ్డు మీద బస్సు నడిపినవాడికి రెండోసారి చెప్పే పని లేకపోయింది.

రోజుకో పావుగంట, టీ వేళ, కథ. కాన్వాయ్ తిన్నగా ఎందుకు వెళ్ళదో, గడియారం చూసుకుని అందరూ ఒకేసారి అటూ ఇటూ ఎలా తిరుగుతారో ఒక రోజు. మధ్యాహ్నం ఎండకు పైనీళ్ళు వేడెక్కితే శబ్దం కిందికి వంగిపోయి, సోనార్ సగం చెవిటిదైపోవడం ఒక రోజు. డెప్త్ చార్జి అంటే నూనె పీపా అంత మందుగుండు డబ్బా అనీ, ఎంత లోతున పేలాలో ముందే తిప్పి పెట్టి వెనక నుంచి దొర్లిస్తారనీ ఒక రోజు. మల్లేశ్ ఈ కార్యక్రమానికి తనంతట తానే మేనేజరయ్యాడు. నేను ఉత్సాహంగా ముందుకు పోతుంటే వెనక నుంచి గొణిగేవాడు.

“ఇయ్యాలకి గంతే సారూ. అన్ని ఒక్కదినమే జెప్తే రేపు ఏం జెప్తరు? జరంత ఉంచుండ్రి.”

సాలిం ఏడింటికే వస్తున్నాడు, సాయంత్రం దాకా ఉంటున్నాడు. ముదీర్ నన్ను చూసి బొటనవేలు ఎత్తుతున్నాడు. బోటు నడిపే కరాచీ నాఖుదా ఒకాయన ఉండేవాడు, యుద్ధంలో అవతలి పక్షం వాడే మరి. ఆయనా ఇంజన్ ఆపి వచ్చి కూర్చుని, మా వాళ్ళ జలాంతర్గామి ఇంకా రాలేదేమిటని నన్ను ఆటపట్టించేవాడు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మా ప్రయాణం మద్రాసు నుంచి అండమాన్ వైపు, పోనూ రానూ పదకొండు రోజులు. అందులో పది రోజులు స్లేటు మీద పడింది ‘నిల్’. మిగిలిన ఒక్క రోజు, ఎనిమిదోది, నేను ఎవరికీ చెప్పుకోని రోజు. ఎంత సాగదీసినా ఏడో వారానికి నా యుద్ధం అడుగంటింది. వంటవాడి కథలు చెప్పాను. ఎలుకల కథ చెప్పాను. ఓడ గుడ్డలుతికే యంత్రం చెడిపోయిన కథ రెండు రోజులు నడిపించాను. సాలిం వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక శనివారం పొద్దున మల్లేశ్ నన్ను పక్కకు లాగాడు.

“సారూ, గా సబ్‌మెరైన్‌ని ఇగ దెచ్చుడే. ఇంక ఆరు వారాలున్నయ్.”

“రానిదాన్ని వచ్చిందని ఎలా చెప్తానయ్యా?”

“మీరు రమ్మంటే రాదా? గప్పుడెవ్వలన్న జూసిండ్రా?”

ఇంత వయసొచ్చి ఆ మాటకు లొంగిపోయాను. ఆ రోజు టీ వేళ, ఎనిమిదో రోజు మధ్యాహ్నం నా చెవిలో ప్రతిధ్వని పడిందని మొదలుపెట్టాను. అంతవరకూ నిజమే. మిగతాది అల్లాను. కెప్టెన్ ఇంజన్లు ఆపించాడనీ, ఓడ కదలకుండా నిలబడి వింటున్నామనీ, దూరం రెండు వేల గజాల నుంచి పదహారు వందలకు, అక్కణ్ణుంచి పన్నెండు వందలకు తగ్గిందనీ, జలాంతర్గామి మా మీదికే వస్తోందనీ చెప్పాను. నా చెవిలో శబ్దం మాత్రం అదే శ్రుతిలో, టంగ్ టంగ్ మంటూ, అలాగే ఉందని కూడా చెప్పాను. ఎందుకంటే ఆ శబ్దం నాకు నిజంగా గుర్తు. నలభై ఏళ్ళయినా ఆ శ్రుతి చెవిలోంచి పోలేదు. మల్లేశ్ నోరు తెరుచుకుని వింటున్నాడు. నాఖుదా బీడీ ఆరిపోయింది. సరిగ్గా అక్కడ, రేపు చెప్తాను అని లేచాను.

సాలిం లేవలేదు. అగ్గిపెట్టెనే జలాంతర్గామిగా చేతిలోకి తీసుకుని, గ్లాసు వైపు జరుపుతూ నెమ్మదిగా అడిగాడు. మీ ఓడ ఆగిపోయి ఉంది కదా? అవునన్నాను. అది మీ వైపు వస్తోంది కదా? అవునన్నాను. మరి హారన్ సన్నబడాలి కదా కప్తాన్, మారలేదన్నావేం? దూరం అబద్ధమా, శబ్దం అబద్ధమా?

మల్లేశ్ అడ్డుపడి, “గప్పుడు గాలి మస్తుండె!” అన్నాడు. ఆ మాట ఉర్దూలో చెప్పించుకుని, నీళ్ళ కింద గాలేమిటని నాఖుదా అడిగేసరికి ఇంకా పరువు పోయింది. నేను తలవంచుకుని, దూరం అబద్ధం అన్నాను. సాలిం అగ్గిపెట్టె కింద పెట్టి, ఫ్లాస్కు తీసుకుని బోటు దిగిపోయాడు.

ఆదివారం రాలేదు. సోమవారం రాలేదు. ఫోను ఎత్తలేదు. మూడో రోజు కూడా రాకపోతే పేరు తీసేయక తప్పదు, తనిఖీవాళ్ళు హాజరు పట్టీ చూస్తున్నారు అని ముదీర్ నాతో అన్నాడు. కోపంగా కాదు, పాపం, ఏడుపు మొహంతో అన్నాడు. మల్లేశ్ ఆ రెండు రోజులూ అన్నం వండాడు గానీ తిన్నట్టు లేదు. నీ సలహా వల్లే కదా అని ఒక్క మాటంటే నాకు కాస్త తేలికయ్యేది. అనలేకపోయాను. సలహా అతనిదైనా, సోనార్ ముందు నలభై ఏళ్ళు కూర్చున్నది నేను. లేనిది ఉందని చెప్పకూడదని తెలిసినవాణ్ణి నేనే. చాలా సిగ్గేసింది.

సోమవారం మధ్యాహ్నం మల్లేశ్‌ని వెంటబెట్టుకుని చేపల రేవు పక్కనున్న సాలిం ఇంటికి వెళ్ళాను. వాకిట్లో తండ్రి పాత వల బాగుచేస్తూ కూర్చున్నాడు. పక్కనున్న సాలిం మమ్మల్ని చూసి లేచి, లోపలికి పిలిచి, గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు. ఎంత కోపమున్నా గడప తొక్కినవాళ్ళకు గహ్వా పోయడం వాళ్ళు మానరు. రెండు చిన్న కప్పులు తాగాక, ఎనిమిదో రోజు కథ నిజంగా ఏం జరిగిందో చెప్పడానికి వచ్చానన్నాను. చెప్పు అన్నాడు.

చెప్పాను. మిట్టమధ్యాహ్నం, కాన్వాయ్ వంకర తిరిగే వేళైంది. మా డిస్ట్రాయరు ముక్కు విసురుగా తిప్పుకుని తన స్థానానికి చేరింది. ఓడ అలా తిరిగినచోట నీళ్ళు చిలికినట్టై, బుడగలతో నిండి, కాసేపు ఒక గోడలా నిలబడతాయి. ఆ గోడకు తగిలి నా శబ్దం వెనక్కి వచ్చింది. కురియన్ నేర్పినట్టయితే దిక్కు, దూరం, శ్రుతి మారలేదు అని చెప్పి ఊరుకోవాలి. నేను ఇరవై ఏళ్ళవాణ్ణి. ఏడు రోజులుగా ‘నిల్’ రాసి రాసి చెయ్యి నొప్పెట్టింది. వంతెన మీదికి మాట చేరవేసే వాయిస్ పైపులోకి, “సబ్‌మెరైన్!” అని అరిచాను.

కేక వంతెన మీదికి చేరింది. యుద్ధంలో ఆ మాట విన్న కెప్టెన్ రెండోసారి అడగడు. డిస్ట్రాయరు కాన్వాయ్‌ని వదిలి వెనక్కి దూకింది. రెండుసార్లు డెప్త్ చార్జీలు పడ్డాయి. సముద్రం కొండంత లేచింది. నలభై నిమిషాల పాటు మూడు ఓడలకూ ముందు కాపలా లేదు. ట్యాంకరు మీదున్న మనుషులు మా వైపే చూస్తూ ఉండి ఉంటారు. ప్రతిధ్వని కరిగిపోయాక తేలిందేమిటంటే, మేం దాడి చేసింది మా ఓడ తిరిగిన మలుపు మీద. చచ్చి తేలినవి చేపలు. ఎన్ని చేపలంటే సముద్రం తెల్లబడింది. యుద్ధంలో ఓడ ఆపరు కనుక వాటిలో ఒక్కటీ ఎత్తుకోలేకపోయాం. మా బెంగాలీ వంటవాడు రెయిలింగు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. కెప్టెన్ నన్ను తిట్టలేదు. ఆ అరగంటకు స్లేటు మీద ‘చేపలు’ అని నా చేత రాయించి, కింద సంతకం పెట్టించాడు.

మల్లేశ్ నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. సాలిం నవ్వలేదు. ఒకటే ప్రశ్న అడిగాడు. ఆ మూడు ఓడలూ రేవు చేరాయా? చేరాయి, తిరిగి కూడా వచ్చాయి అన్నాను. జలాంతర్గామి అసలు రాలేదా? వచ్చిందో రాలేదో ఇప్పటికీ తెలియదు, మాకైతే వినిపించలేదు అన్నాను.

“మరి గెలిచారు కదా,” అన్నాడు. “గెలిచినవాడు అబద్ధం ఎందుకు చెప్పాలి?”

ఏమీ జరగని కథైతే నువ్వు వినడానికి రావని భయపడ్డాను అని ఉన్నమాట చెప్పేశాను. అప్పుడు అతనికి నిజంగా కోపం వచ్చింది. తన తండ్రి నలభై ఏళ్ళు చేపల వేటకు వెళ్ళాడనీ, సాయంత్రం వచ్చాక తల్లి అడిగేది పడవలన్నీ వచ్చాయా అనే తప్ప చేపల సంగతి కాదనీ చెప్పాడు. ఇంట్లో కూర్చో, పేరు మాత్రం ఇవ్వు, జీతం పంపిస్తాం అన్న కంపెనీలను రెండింటిని కాదని మా దగ్గరికి వచ్చానన్నాడు. ఏడు వారాలుగా ఎదురుచూసింది కథ కోసం కాదు, ఆ సోనార్ ముందు ఒక్కసారైనా కూర్చోమంటానేమోనని. నువ్వు నన్ను బొమ్మలా నీడలో కూర్చోబెట్టి, పిల్లలకు చెప్పినట్టు కథలు చెప్పావు కప్తాన్ అన్నాడు.

ఇది నేను ఊహించని దెబ్బ. మొదటి రోజు ఫ్లాస్కు చూసి అతనికి పేరు పెట్టేసినవాణ్ణి నేను. ఆలస్యం ఎందుకైందని కూడా అడగలేదు. తర్వాత తెలిసింది, ఆ రోజు పొద్దున ముదీర్ అతన్ని సంతకాల కోసం ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్ళప్పుడు మలుపును జలాంతర్గామి అన్నాను. అరవై రెండేళ్ళప్పుడు పనివాణ్ణి పనికిరానివాడు అన్నాను. క్షమించమని అడిగాను. రేపు ఏడింటికి ఆ కుర్చీ నీదే అన్నాను. అప్పుడు గానీ అతను నవ్వలేదు. చేపల్ని ఒక్కటి కూడా ఎత్తుకోలేదా నిజంగా అని అడిగి, వంటవాడి దుఃఖం తలుచుకుని మరీ మరీ నవ్వాడు.

దారిలో మల్లేశ్ తల గోక్కున్నాడు. తర్వాత అన్నాడు. “మొదాలే గీ చేపల ముచ్చట జెప్తే అయిపోతుండె గద సారూ.”

మంగళవారం సాలిం ఏడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. ఆ రోజు నుంచి అరగంట అతను, అరగంట నేను. తెర మీద వస్తువు వెనక పడే నీడ పొడుగును బట్టి దాని ఎత్తు కట్టడం, పగడపు రాయికీ ఇనప ముక్కకూ తేడా చూడటం నేర్పాను. ఎక్కువ చెప్పే అవసరం రాలేదు. ఏ తిప్ప దగ్గర నీళ్ళు ఎటు లాగుతాయో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెర మీద చూసినదానికి తొందరపడి పేరు పెట్టబోతే మాత్రం పక్క నుంచి మల్లేశ్ “చేపలు, చేపలు” అనేవాడు. ఆ మాట మా బోటు మీద హెచ్చరికగా స్థిరపడింది. నాఖుదా కూడా వాడేవాడు.

పదకొండో వారంలో రిఫైనరీ తరఫు సర్వేయరు, ఒక ఇంగ్లీషాయన, బోటెక్కాడు. కొత్త ఆపరేటరు ఒంటరిగా మ్యాపు మీది ఒక గడి మొత్తం సర్వే చెయ్యాలి, నేను యంత్రం ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. ఎనిమిది చాళ్ళు. నాలుగు గంటలు. సాలిం కుర్చీలోంచి కదల్లేదు. ఐదో చాలులో తెర మీద నల్లటి మచ్చ ఒకటి పడింది. అంతకు ముందే ఒక టగ్ బోటు అక్కడ విసురుగా మలుపు తిరగడం నేను చూశాను. సాలిం చూశాడో లేదో తెలియదు. చెప్పడానికి వీల్లేదు. సర్వేయరు ముందుకు వంగి, అదేమిటని అడిగాడు. సాలిం దానికి పేరు పెట్టలేదు. దిక్కు, దూరం, సమయం రాసుకుని, ఇదే చాలు మళ్ళీ వెయ్యాలి, పావుగంట ఆగి, అన్నాడు. పావుగంట తర్వాత అక్కడ శుభ్రమైన ఇసుక తప్ప ఏమీ లేదు.

ఎనిమిది చాళ్ళూ అయ్యాక రిపోర్టు పుస్తకంలో సాలిం అరబిక్‌లో రెండే మాటలు రాశాడు. లా షై, అంటే ఏమీ లేదు. ఇంత సముద్రంలో ఒక్కటీ కనపడలేదా అని సర్వేయరు గుచ్చి అడిగాడు. లేదు, ఓడలు రావచ్చు అన్నాడు సాలిం. ఆయన ఇంకో నిమిషం తెర రికార్డు తిప్పి చూసి, కింద సంతకం పెట్టాడు.

మే మొదటి వారంలో కంపెనీ పచ్చబడింది. మల్లేశ్ ఇకామా గడువుకు తొమ్మిది రోజుల ముందు కొత్త కార్డు చేతికొచ్చింది. దానికి రెండు వైపులా ముద్దు పెట్టుకుని, ఆ సాయంత్రం అందరికీ కోడికూర వండాడు. తతిమ్మా ఐదుగురివీ వరసగా అయ్యాయి. తర్వాత విదేశీ పనివాళ్ళ మీద వేసే లెవీలు పెరిగి, ఒక్కొక్కరుగా చాలామంది ఇళ్ళకు వచ్చేశారు, ఆ కథ వేరు. నేను మరో రెండేళ్ళు చేసి, సీనియర్ ఆపరేటర్ కుర్చీ సాలింకి ఒప్పజెప్పి వచ్చేశాను. ఆ కుర్చీ ఇవ్వడానికి నాకు బాధేమీ అనిపించలేదు. ఇంకా ముందే ఇవ్వలేకపోయానే అనిపించింది, అంతే.

మా వృత్తిలో చేరేవాళ్ళు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, యుద్ధంలో ఏం చేశారని. మూడు ఓడలను తీసుకెళ్ళి తీసుకొచ్చాం, ఏమీ జరగలేదు అని చెప్తాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. కాపలా పనిలో మంచి రోజంటే అదే. వినిపించింది వినిపించినట్టు రాయాలి, వినిపించకపోతే ‘నిల్’ అని రాయాలి, శబ్దానికైనా మనిషికైనా పేరు పెట్టే ముందు పావుగంట ఆగాలి. ఇది నాకు కురియన్ ఇరవయ్యో ఏట చెప్పాడు, సాలిం అరవై రెండో ఏట నేర్పాడు.

సాలిం దగ్గర ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. కొత్తవాళ్ళు వస్తే చాప మీద ఖర్జూరాలు పేర్చి మా డిస్ట్రాయరు కథే చెప్తాడని మల్లేశ్ ఫోనులో చెప్పాడు. జలాంతర్గామి రాదట, ఎక్కడా అబద్ధం లేదట. చేపలు మాత్రం ఏడాదికేడాది ఎక్కువవుతున్నాయట.